పని గట్టెక్కడానికి బయట కొనే ‘ఫోకస్’ బిళ్లలు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

డెడ్‌లైన్ ముంచుకొచ్చినప్పుడు, నైట్ షిఫ్టులు వరసగా పడినప్పుడు, పరీక్ష దగ్గరపడి సిలబస్ సగం మిగిలినప్పుడు చాలామంది ఈ బిళ్లల కోసం వెతుకుతారు. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు డాక్టర్లు రాసే ఆడరాల్, రిటాలిన్, అతినిద్రకు రాసే మోడాఫినిల్ పేర్లతో, ‘ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, ఒరిజినల్ సరుకు, పార్సిల్ గుట్టుగా వస్తుంది’ అని అమ్మేవాళ్లకు కొదవ లేదు. కొనే ఆలోచనలో ఉన్నా, ఇప్పటికే కొని డ్రాయర్‌లో పెట్టుకున్నా, కింద రాసింది పూర్తిగా చదవండి.

ముందు నకిలీల సంగతి. 2012 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఆన్‌లైన్‌లో 30 మిల్లీగ్రాముల ఆడరాల్ పేరుతో అమ్మిన బిళ్లల్ని పరీక్షిస్తే, అందులో ఉండాల్సిన నాలుగు ఆంఫెటమిన్ (మెదడును ఉత్తేజపరిచే మందు) లవణాల్లో ఒక్కటీ లేదు. బదులుగా ట్రమడాల్, పారాసెటమాల్ ఉన్నాయి, అంటే రెండూ నొప్పి మందులే. అసలు బిళ్ల నారింజ రంగులో, మీద గుర్తులతో, వంద బిళ్లల సీసాలో మాత్రమే వచ్చేది. నకిలీది తెల్లగా, ఏ గుర్తూ లేకుండా, బ్లిస్టర్ స్ట్రిప్‌లో వచ్చింది. ప్యాకెట్ మీద ఎన్‌డీసీ (అమెరికాలో మందుల గుర్తింపు సంఖ్య) అని ఉండాల్సిన చోట ఎన్‌డీఎస్ అని ఉంది, ‘సింగిల్’ అనే మాటలో అక్షరాలు తారుమారయ్యాయి.

డబ్బు పోవడంతో ఆగే నష్టం కాదిది. మెలకువ కోసం వేసుకున్నవాడికి ట్రమడాల్ మత్తు తెస్తుంది. బిళ్ల పనిచేయలేదనుకుని ఇంకో రెండు మింగుతాడు. ట్రమడాల్ మోతాదు పెరిగేకొద్దీ ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. డిప్రెషన్‌కు సెర్ట్రలిన్, ఫ్లుయాక్సెటిన్ లాంటి మందులు వాడేవాళ్లకు సెరటోనిన్ సిండ్రోమ్ ముప్పు కూడా ఉంది: ఒళ్లు కాలిపోవడం, కండరాలు బిగుసుకోవడం, వణుకు, మతి తప్పడం. పారాసెటమాల్ మోతాదు మించితే దెబ్బ కాలేయానికి. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఆ అచ్చుతప్పులు చూసి నకిలీని పట్టేయవచ్చని మాత్రం అనుకోకండి. ఇప్పుడు బిళ్లలు అచ్చుపోసే యంత్రాలతో రంగు, సైజు, మధ్య గీత, అంకె అన్నీ అసలుదానిలాగే దిగుతున్నాయి. 2021 సెప్టెంబరులో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ నకిలీ బిళ్లల మీద దేశమంతటికీ హెచ్చరిక జారీ చేసింది. ఆడరాల్‌లా కనిపించే వాటిలో మెథాంఫెటమిన్ అనే తీవ్రమైన మాదకద్రవ్యం, నొప్పి బిళ్లల్లా కనిపించే వాటిలో అతి శక్తిమంతమైన నొప్పి మందు ఫెంటానిల్ దొరుకుతున్నాయని చెప్పింది. 2 మిల్లీగ్రాముల ఫెంటానిల్‌తో ప్రాణం పోవచ్చు. అది పెన్సిల్ మొన మీద పట్టేంత పొడి. 2022 అక్టోబరులో ఆడరాల్ కొరత ఉందని ఎఫ్‌డీఏ ప్రకటించింది. కొరత ఉన్న మందు బయట కోరినంత దొరుకుతోందంటే, అది ఎక్కణ్ణించి వస్తోందని అనుమానించాల్సిందే.

‘మొన్న ఒకటి వేసుకున్నాను, ఏమీ కాలేదు, ఈ ప్యాకెట్ మంచిదే’ అనే ధీమాకు ఆధారం లేదు. దొంగచాటున పొడి కలిపేవాళ్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఉండే మిక్సింగ్ పద్ధతులు ఉండవు. పొడి ఒకచోట ముద్దకట్టి, ఇంకోచోట పలచబడుతుంది. అందువల్ల ఒకే ప్యాకెట్‌లో ఒక బిళ్ల ఉత్తిదీ, పక్కది ప్రాణాంతకమూ కావచ్చు. ఫెంటానిల్ టెస్ట్ స్ట్రిప్ ఉన్నా పూర్తి భరోసా లేదు. అది ఫెంటానిల్ ఉందో లేదో చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పదు. ఒక మూల గీరి పరీక్షిస్తే మిగతా బిళ్ల సంగతి తేలదు. మెథాంఫెటమిన్ గురించి అది అసలేమీ చెప్పదు.

పక్కన ఎవరైనా ఇలాంటి బిళ్ల వేసుకుని ఇబ్బంది పడుతుంటే రెండు రకాల లక్షణాలు గుర్తుపెట్టుకోండి. ఆంఫెటమిన్ లాంటి ఉత్తేజకం ఎక్కువైతే కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె దడదడలాడుతుంది, ఒళ్లు కాలిపోతుంది, ఛాతీ నొప్పి, విపరీతమైన ఆందోళన, లేనివి కనబడడం, ఫిట్స్. ఇలాంటప్పుడు వెంటనే అంబులెన్స్ పిలవాలి, చల్లటి గదిలోకి మార్చి బట్టలు వదులుచేసి తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. ఫెంటానిల్ లాంటిదైతే అంతా తిరగబడుతుంది: కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి, ఊపిరి బాగా నెమ్మదిస్తుంది, గురక లాంటి శబ్దం వస్తుంది, పెదాలు నీలంగా మారతాయి, పిలిచినా పలకరు. ‘అలసిపోయి పడుకున్నాడులే’ అని వదిలేస్తే పోయేది ప్రాణం. అంబులెన్స్ పిలిచి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆగిపోతే కృత్రిమ శ్వాస ఇవ్వండి. ఓపియాయిడ్ల (ఫెంటానిల్, ట్రమడాల్ లాంటి మత్తు నొప్పి మందుల) ప్రభావాన్ని విరిచే నలక్సోన్ దొరికితే ఇవ్వండి. ఒంట్లో ఓపియాయిడ్ లేకపోయినా దానివల్ల హాని ఉండదు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇక సరుకు నిజంగా అసలుదే అనుకుందాం. డాక్టరు చీటీ రాసేముందు బీపీ, నాడి చూస్తారు, ఇంట్లో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లున్నారా అని అడుగుతారు, అవసరమైతే ఈసీజీ తీయిస్తారు, వాడుతున్న మందులన్నీ ఆరా తీస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు. బయట కొన్నప్పుడు ఇందులో ఒక్కటీ జరగదు. డిప్రెషన్‌కు వాడే ఎంఏఓఐ రకం మందు ఆపి 14 రోజులు గడవకుండా ఆంఫెటమిన్ పడితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పెరగవచ్చు. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ తోడైతే గుండె మీద ఇంకా భారం. కడుపులో మంటకు వేసుకునే యాంటాసిడ్ కూడా ఒంట్లోకి చేరే ఆంఫెటమిన్‌ను పెంచగలదు. నిన్నటి బిళ్లే ఈరోజు ఎక్కువగా ఎక్కడానికి అంత చిన్న కారణం చాలు.

మోడాఫినిల్‌ను చాలామంది ‘సాఫ్ట్’ మందు అనుకుంటారు. అది పొరపాటు. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని అది తగ్గిస్తుంది, ఆపేసిన నెల వరకూ ఆ ప్రభావం ఉంటుంది. గర్భంలో బిడ్డకు అవయవ లోపాలు రావచ్చన్న హెచ్చరికలూ ఉన్నాయి. అరుదుగానైనా చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ రావచ్చు. దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం కనిపించిన క్షణమే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. 2010లో యూరప్ మందుల సంస్థ దీన్ని నార్కొలెప్సీకి (పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బుకు) మాత్రమే పరిమితం చేయమని సిఫారసు చేసింది.

అందరూ చిక్కుకునేది నిద్ర దగ్గర. మోడాఫినిల్ ఒంట్లో సగానికి తగ్గడానికి 12 నుంచి 15 గంటలు పడుతుంది. మధ్యాహ్నం 2కి వేసుకుంటే తెల్లవారుజామున 3కి ఇంకా సగం మందు ఒంట్లోనే ఉంటుంది. ఆంఫెటమిన్‌దీ దాదాపు అదే తీరు, సుమారు 10 నుంచి 12 గంటలు. నిద్ర రాక రాత్రి మద్యమో నిద్రమాత్రో తీసుకుంటారు. ఉత్తేజకం ఒంట్లో ఉన్నప్పుడు తాగిన మత్తు తెలియదు, ఎక్కువ తాగేస్తారు. పొద్దున లేవలేక మళ్లీ బిళ్ల. ఆ చక్రం మొదలయ్యాక మోతాదు ఎప్పుడు పెరిగిందో మనిషికే తెలియదు. లాంగ్ యాక్టింగ్ క్యాప్సూల్‌లోని గింజల్ని నమిలితే, నూరితే రోజంతా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది.

ఇంతా చేస్తే పని బాగుపడుతుందా? 2023లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 40 మందికి మెథైల్‌ఫెనిడేట్ (రిటాలిన్‌లోని మందు), మోడాఫినిల్, డెక్స్‌ట్రోఆంఫెటమిన్ (ఆంఫెటమిన్‌లో ఒక రకం) ఇచ్చి చిక్కుముడి లెక్కలు చేయించారు. ఎక్కువసేపు చేశారు, ఎక్కువ ప్రయత్నాలు చేశారు, కానీ ప్రయత్నాల నాణ్యత తగ్గింది. పని జోరుగా సాగుతోందన్న నమ్మకాన్ని ఈ మందులు తేలిగ్గా ఇస్తాయి. రాత్రంతా రాసిన కోడ్‌లో, లెక్కల షీట్‌లో తప్పులు మర్నాడు గాని బయటపడవు.

‘సహజ’ ఫోకస్ పొడులూ, కెఫీన్ పొడి కూడా కొనకండి. పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ సాధారణంగా హద్దు. 1,200 మిల్లీగ్రాములు గబగబా పడితే ఫిట్స్ రావచ్చు. శుద్ధ కెఫీన్ పొడి ఒక టీస్పూన్ దాదాపు 28 కప్పుల కాఫీకి సమానం. వంటింటి చెంచాతో కొలిచే వస్తువు కాదది.

ఇప్పటికే కొన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు ఆపితే కొన్ని రోజులు విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు వస్తాయి. కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలూ వస్తాయి. ఆ రోజుల్లో ఒంటరిగా ఉండకండి, బండి నడపకండి. ఏం వాడారో, ఎంత వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. అలాంటి ఆలోచన వస్తే వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. అసలు అంత నీరసం, అంత మరుపు ఎందుకో కూడా పరీక్ష చేయించుకోండి: రక్తహీనత, థైరాయిడ్, గురకతో ఊపిరి ఆగే స్లీప్ యాప్నియా, డిప్రెషన్, పెద్దయ్యాక గాని తేలని ఏడీహెచ్‌డీ. ఒక్కోదానికి ఒక్కో వైద్యం ఉంది.

మిగిలిన బిళ్లల్ని తోటి ఉద్యోగికో, హాస్టల్ మిత్రుడికో ఇవ్వకండి, పిల్లలకు అందేలా చెత్తబుట్టలోనూ వేయకండి. ఒంట్లో తేడాగా ఉండి ఆసుపత్రికి వెళ్తుంటే ప్యాకెట్‌నూ మిగిలిన బిళ్లల్నీ వెంట తీసుకెళ్లండి. ఏం మింగారో తేల్చడానికి డాక్టర్లకు అవి పనికొస్తాయి.