రిపేరుకిచ్చే ముందు డిస్కులు తీసేయండి. నా పూల్‌ని అడక్కుండా అప్‌గ్రేడ్ చేసేశారు

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గట్లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. షాపు పేరు పెట్టను. మా ఊళ్లో స్టోరేజ్ పెట్టెలు బాగుచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడివాళ్లకి తెలుసు.

మాది ఫొటో స్టూడియో. ఉబుంటు 22.04 ఓఎస్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే స్టోరేజ్ వ్యవస్థ, 4 టీబీ డిస్కులు నాలుగు. ఆ నాలుగూ కలిసి ఒకే నిల్వగా పనిచేస్తాయి, దాన్నే పూల్ అంటారు. దాదాపు 7 టీబీ పెళ్లిళ్లు ఉన్నాయి అందులో. ఇంట్లో అదే వెర్షన్‌తో ఇంకో పెట్టె ఉంది, స్టూడియోది మొరాయిస్తే డిస్కులు పీకి ఇందులో పెట్టుకోవాలని. పోయిన నెల స్టూడియో పెట్టెలో ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే భాగం) పోతే షాపులో ఇచ్చాను. ఓఎస్ పాతదైంది, 24.04 ఎక్కించమంటారా అని ఫోన్ చేస్తే సరేనన్నాను. ఓఎస్ వరకే సరేనన్నాను.

శుక్రవారం రాత్రి మదర్‌బోర్డ్ పోయింది. శనివారం పొద్దున్నే ఒక ఆల్బం ప్రెస్‌కి వెళ్లాలి. పెళ్లికూతురు బుధవారం అమెరికా వెళ్తోంది, ఆల్బం చేతిలో పెట్టి పంపాలని వాళ్ల నాన్నగారి కోరిక. ఇంకో పెట్టె ఉందిగా అనుకుని డిస్కులు పట్టుకుని ఇంటికెళ్లాను. ఇంపోర్ట్ (పూల్‌ని వేరే సిస్టంలో తెరిచే కమాండ్) కొడితే, ఈ పూల్ వాడుతున్న ఫీచర్ నీ సిస్టంకి తెలియదు పొమ్మంది. ఫీచర్ పేరు వీడెవ్ జాప్స్ వీ2. రీడ్ ఓన్లీగా తెరుద్దామన్నా ఒప్పుకోలేదు.

ఆ ఫీచర్ ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ (ఉబుంటులో ఉండే జెడ్‌ఎఫ్‌ఎస్ ఇదే) 2.2లో వచ్చింది. 22.04లో ఉండేది 2.1. ఓఎస్ మారినంత మాత్రాన డిస్కుల మీది ఫార్మాట్ మారదు. పాత పూల్‌ని కొత్త వెర్షన్ హాయిగా చదువుతుంది, రాస్తుంది. మారాలంటే ఎవరో కూర్చుని జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ అని కొట్టాలి. అది కూడా ఉత్తగా కొడితే జాబితా చూపించి ఊరుకుంటుంది. పూల్ పేరో, అన్నిటికీ అని మైనస్ ఏ నో ఇవ్వాలి. చాలా ఫీచర్లు ఎనేబుల్ అయినా, వాడేదాకా యాక్టివ్ కావు, అప్పటిదాకా పాత సిస్టం కూడా పూల్‌ని తెరుస్తుంది. ఇది అలా కాదు. తర్వాతి ఇంపోర్ట్‌తోనే యాక్టివ్ అవుతుంది. ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే చాలు, పాత వెర్షన్‌కి తలుపు మూసుకుపోతుంది.

రాత్రి పదకొండింటికి షాపతనికి ఫోన్ చేశాను. "డిస్కుల జోలికి మేం వెళ్లనే లేదు సార్, మీవాళ్లెవరో కెలికుంటారు" అన్నాడు.

ఆ పెట్టె ముందు కూర్చునేది నేను, మా మేనల్లుడు. అంతే. వాణ్ని లేపి అడిగాను. గట్టిగానే అడిగాను. "నేను ముట్టుకోలేదు మామయ్యా" అంటూ వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాడే తెల్లవారుజామున తన సిస్టంకి నాలుగు డిస్కులూ తగిలించి, 24.04 పెన్‌డ్రైవ్‌తో లేపాడు. ఇంపోర్ట్ అయింది. ఫొటోలన్నీ ఉన్నాయి. అప్పుడు జెడ్‌పూల్ హిస్టరీ కొట్టాం. పూల్‌ని మార్చే కమాండ్ ఏది నడిపినా తేదీ, టైంతో సహా అది పూల్‌లోనే నమోదై ఉంటుంది. కిందికి దిగుతూ వచ్చాం. జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ మైనస్ ఏ. పక్కన 13:12. పెన్‌డ్రైవ్ యూటీసీ టైంలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక) ఉంది, మన లెక్కలో సాయంత్రం 6:42. పెట్టె వాళ్ల షాపులో ఉన్న రోజు. దాని కిందే మళ్లీ ఇంపోర్ట్ లైను.

షాపు తెరవగానే వెళ్లి ఫోన్లో ఫొటో చూపించాను. చూశాడు. ఇక లేదనలేదు. "జెడ్‌పూల్ స్టేటస్ కొడితే కొత్త ఫీచర్లు ఎనేబుల్ చేసుకోమని అదే చెబుతుంది కదా సార్. మీ మంచికే చేశాం. అప్‌గ్రేడ్ చేస్తే వెనక్కి రాదని మీకు తెలీదా?" అన్నాడు, పక్క కస్టమర్‌కి బిల్లు రాసుకుంటూ.

ఆ స్టేటస్‌లో, ఎనేబుల్ చేసుకో అన్న మాట వెంటనే ఇంకో వాక్యం ఉంటుంది: ఇది చేశాక, ఆ ఫీచర్లు లేని సాఫ్ట్‌వేర్‌కి ఈ పూల్ అందకపోవచ్చు అని. ఆ వాక్యం నాకు చెప్పాల్సింది మీరు కాదా? పోనీ, చేశామని రాత్రే ఒక్క మాట చెప్పుంటే అప్పుడే పెన్‌డ్రైవ్ పెట్టుకునేవాళ్లం. ప్రెస్ స్లాట్ పోయేది కాదు. అమ్మాయి ఆల్బం లేకుండానే వెళ్తోంది. ఏ తప్పూ చెయ్యని పిల్లాడి మీద నేను అరిచేవాణ్ని కాదు.

నా తప్పూ ఉంది. ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి డిస్కులతో పనేముంది? ట్రేలు లాగడానికి రెండు నిమిషాలు పట్టదు. జనం నమ్మి ఇచ్చిన పెళ్లిళ్లు అవి, అలాగే మోసుకెళ్లి కౌంటర్ మీద పెట్టేశాను.

ఇంటి పెట్టెని 24.04కి మార్చలేను, అందులోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో లేవదు. కాబట్టి 10 టీబీ డిస్కులు రెండు కొని, అక్కడ పాత వెర్షన్‌తోనే పూల్ కట్టి, నెట్‌వర్క్ మీద కాపీ పెట్టాను. సెకనుకి 110 ఎంబీ వస్తోంది. పద్దెనిమిది గంటలు పడుతుంది.

మీరైతే డిస్కులు తీసి ఇంట్లో పెట్టుకుని పెట్టె మాత్రం ఇవ్వండి. మీరే అప్‌గ్రేడ్ చేసుకుంటే ముందు జెడ్‌పూల్ చెక్‌పాయింట్ (పూల్ అప్పుడున్న స్థితికి గుర్తు) తీసుకోండి, దానికి తిరిగి వెళ్తే అప్‌గ్రేడ్ కూడా రద్దవుతుంది, కాకపోతే ఆ తర్వాత రాసినవన్నీ పోతాయి. ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.1 నుంచి కంపాటిబిలిటీ అని ఒక ప్రాపర్టీ ఉంది. అందులో పాత వెర్షన్ పెట్టి ఉంచితే, ఎవరైనా అప్‌గ్రేడ్ కొట్టినా దానికి మించిన ఫీచర్లు ఎనేబుల్ కావు. ఇది వెతికి చెప్పింది మా మేనల్లుడే.