పళ్లు నూరే అలవాటుకు ఏది మేలు: గార్డా, గమనింపా, మర్దనా?

విశాఖపట్నం గాజువాకలో ఉంటూ మూడు షిఫ్టుల ఉద్యోగం చేసే నాకు, నైట్ షిఫ్టులు ముగిసిన వారంలో లేవగానే కణతలు బరువెక్కడం, ఆవలించబోతే చెవి ముందు టక్కుమనడం చాలాకాలం మామూలైపోయింది. ‘రాత్రంతా పళ్లు నూరుతూనే ఉన్నారు’ అని మా ఆవిడ చెప్పినా నమ్మలేదు. జంతిక కొరుకుతుంటే దంతం అంచు పెళుసుగా రాలినప్పుడు నమ్మక తప్పలేదు. కడుపులో నులిపురుగులుంటే పళ్లు కొరుకుతారని మా అమ్మమ్మ అనేది గాని, పెద్దవాళ్లలో ముందుగా చూడవలసినవి మానసిక ఒత్తిడి, నిద్రలేమి, కాఫీ, మద్యం, పొగ, కొన్ని రకాల డిప్రెషన్ మందులు, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగే సమస్య.

ఏది మేలో తేల్చేముందు, పళ్లు ఎప్పుడు నూరుతున్నామో తేల్చుకోవాలి. 2018లో అంతర్జాతీయ నిపుణులు వెలువరించిన ఏకాభిప్రాయం నిద్రలో నూరడాన్నీ, మెలకువలో దవడ బిగించడాన్నీ వేర్వేరుగా నిర్వచించింది. ఆరోగ్యవంతులలో దీన్ని జబ్బుగా కాక కండరాల ప్రవర్తనగా చూడాలని కూడా చెప్పింది. పగటి అలవాటును మనసు పట్టుకోగలదు, రాత్రి అలవాటు దాని చేతికి చిక్కదు. కాబట్టి ఒకరికి పనికొచ్చిన ఉపాయం మరొకరికి పనికిరాకపోవడంలో వింత లేదు.

రాత్రి నూరేవారికి నైట్ గార్డు, అంటే నిద్రపోయేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు, మేలన్నది నా అభిప్రాయం. అయితే అది పంటికి కవచమే తప్ప అలవాటుకు మందు కాదు; దవడ తన పని తాను చేస్తూనే ఉంటుంది, అరిగేది మాత్రం పన్ను కాక గార్డు అవుతుంది. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అచ్చు వేసుకునే చవక రకాన్ని నేను మొదట కొన్నాను. అది రబ్బరులా మెత్తగా ఉండడంతో నిద్రలో దాన్ని నమలడమే సరిపోయింది; మెత్తని గార్డుతో కొందరిలో బిగింపు పెరగవచ్చని దంతవైద్యులు కూడా అంటారు. కొలత తీసి చేయించిన గట్టి అక్రిలిక్ గార్డుకు ఖర్చు ఎక్కువైనా, పళ్లన్నిటికీ సమంగా ఆనుతుంది. మన సముద్రపు గాలి తేమకు గార్డును తడిగా డబ్బాలో మూస్తే రెండో రోజుకే వాసన పట్టుకుంటుంది, కాబట్టి చన్నీళ్లతో మెత్తని బ్రష్షు పెట్టి కడిగి, ఆరనిచ్చి, గాలి రంధ్రాలున్న డబ్బాలో ఉంచాలి. వేడినీళ్లు తగిలితే ఆకారం పోతుంది.

పగలు బిగించేవారికి మాత్రం గార్డు కన్నా గమనింపే మేలు. పెదవులు కలిసినా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండడమే దవడకు విశ్రాంతి స్థితి. నాలుక కొన పై పళ్ల వెనుక అంగిటికి తేలికగా ఆని ఉండాలి. బండి మీద సిగ్నల్ కోసం ఆగిన ప్రతిసారీ నేను దవడను చూసుకుంటాను. పదిసార్లలో ఏడుసార్లు పళ్లు అతుక్కునే దొరికాయి. ఇందుకు భ్రామరి ప్రాణాయామం నాకు మంచి గురువైంది. పెదవులు మూసి తుమ్మెదలా నాదం చేసేటప్పుడు పళ్లు తగిలి ఉంటే అవి జుమ్మని గిలగిలలాడతాయి, ఎడంగా ఉంటే నాదం ముఖమంతా హాయిగా పరుచుకుంటుంది. దవడ వదులయిందో లేదో అద్దం లేకుండా తెలియజెప్పే పరికరం ఇంతకన్నా ఏముంటుంది? దీనివల్ల నిద్రలో నూరడం ఆగుతుందని మాత్రం నేను అనలేను.

వేడి కాపడం, మర్దన నొప్పికి ఉపశమనమిస్తాయి. రెండు వేళ్లు చెంప మీద పెట్టి పళ్లు బిగిస్తే ఉబికేదే నమిలే కండరం. వేడి తడిగుడ్డతో పది నిమిషాలు కాచి, ఆ కండరాన్ని గుండ్రంగా సుతారంగా నిమిరితే పొద్దుటి పట్టు సడలుతుంది. నువ్వుల నూనె వాడినా మంచిదే, కానీ ఆ నూనెను పుక్కిలిస్తే దవడ బిగింపు తగ్గుతుందన్న మాటను నేను నమ్మను. మెగ్నీషియం మాత్రల గురించీ నా మాట అదే. అరకు కాఫీని సాయంత్రం తరువాత మానడానికి మాత్రం నాకు మొదట మనసొప్పలేదు గాని, మానిన వారాల్లో నిద్ర మెరుగైంది.

నోరు సగంలోనే పట్టేస్తున్నా, పళ్లు కదులుతున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, వీటిలో ఏదీ ఎంచుకోకముందే వైద్యులకు చూపించుకోవాలి. నేను ఇప్పుడు రాత్రికి గట్టి గార్డు, పగలు భ్రామరి, షిఫ్టు మారిన వారాల్లో కాపడం వాడుతున్నాను. గార్డు ఎడమవైపు ఆరు నెలలకే గాట్లు పడ్డాయి. ఈసారి దంతవైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు దాన్నీ జేబులో వేసుకుని వెళ్లాలి.