రెవిట్‌లో పైపు: ముందు ప్లేస్‌హోల్డరా, నేరుగా అసలు పైపేనా?

భవనాల 3డి మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో పైపు లైను మొదలుపెట్టడానికి రెండు దారులున్నాయి: నేరుగా పైప్ టూల్ తీసుకోవడం, లేదా పైప్ ప్లేస్‌హోల్డర్‌తో గీయడం.

ప్లేస్‌హోల్డర్ అంటే ఒంటి గీత. వ్యాసం, ఎత్తు, సిస్టమ్ రకం దానికీ ఇవ్వొచ్చు. ఎల్బోలు (మలుపు ముక్కలు), టీలు (మూడు పైపులు కలిపే ముక్కలు) లాంటి ఫిట్టింగులు మాత్రం రావు. ఆర్కిటెక్ట్ ఇంకా గోడలు జరుపుతూనే ఉన్న దశలో అదే హాయి. లైను పక్కకి లాగినప్పుడల్లా ఫిట్టింగ్‌కి చోటు చాల్లేదన్న గొడవ ఉండదు. తర్వాత కన్వర్ట్ ప్లేస్‌హోల్డర్ నొక్కితే, రూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో (ఏ ఫిట్టింగులు వాడాలో చెప్పే సెట్టింగులో) ఏముంటే ఆ ఫిట్టింగులు వచ్చి చేరతాయి. ఇరుకు మూలల్లో ఎల్బో పట్టదన్న సంగతి మాత్రం అప్పుడే బయటపడుతుంది. అంతస్తంతా ఒకేసారి కాకుండా ముక్కలుగా మార్చుకోవడం నయం.

డ్రైనేజీకి నా ఓటు అసలు పైపుకే. 1:100 వాలుతో వెళ్లే 10 మీటర్ల లైను 100 మి.మీ. దిగుతుంది. ఫాల్స్ సీలింగ్ పైన అంత చోటుందో లేదో మొదట్లోనే తెలియాలి. వాలు లైనును తర్వాత కదిలించడం పెద్ద తలనొప్పి: మెయిన్ ఎత్తు మారితే దానికి కలిసిన బ్రాంచీలన్నీ సర్దుకోవాలి.

అసలు పైపులో సైజు మార్చడానికీ ఓ తిరకాసు ఉంది. ఒక్క పైపు వ్యాసమే మారిస్తే, ఫిట్టింగ్ దగ్గర రెడ్యూసర్ (రెండు వేరే సైజులను కలిపే ముక్క) దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అది వద్దనుకుంటే ఫిట్టింగులతో సహా లైనంతా సెలెక్ట్ చేసి మార్చాలి.

వాలు అక్కర్లేని చిల్డ్ వాటర్ (ఏసీకి చల్లటి నీళ్లు మోసే) మెయిన్లకైతే, రూటు ఖాయమయ్యేదాకా ప్లేస్‌హోల్డర్ చాలు.