ఊరు మారినా కొలువు మారినా పీఎఫ్ వెంట వస్తుందా? ఈపీఎఫ్‌ఓ ఆన్‌లైన్ బదిలీ సేవపై సమీక్ష

విశాఖలో మొదటి కొలువు, హైదరాబాద్‌లో రెండోది, ఆ తర్వాత చెన్నై, బెంగళూరు, మళ్లీ హైదరాబాద్. ఇలా తిరిగినవాళ్లకు ఇల్లు సర్దుకోవడం వారం పని. పీఎఫ్ సర్దుకోవడం మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. పాత ఖాతాలో సొమ్ముకు వడ్డీ ఎలాగూ పడుతోందన్న ధీమాయే దానికి కారణం. పీఎఫ్‌ను నడిపే ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లోని ‘వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్’ సేవ డబ్బును బాగానే మోసుకొస్తుంది. పెన్షన్ సర్వీసు, అంటే పెన్షన్‌కు లెక్కేసే ఉద్యోగ కాలం, వచ్చిందో లేదో మాత్రం సభ్యుడే వెతికి చూసుకోవాలి.

పని పది నిమిషాలది. యూఏఎన్‌తో (కొలువులు మారినా మారని పీఎఫ్ సభ్యుడి సంఖ్య) లాగిన్ అయ్యి, ‘ఆన్‌లైన్ సర్వీసెస్’లో బదిలీ అభ్యర్థన తెరిచి, పాత కంపెనీ మెంబర్ ఐడీ (ఆ కంపెనీలోని పీఎఫ్ ఖాతా సంఖ్య) ఎంచుకుని, ఆధార్‌కు జతైన ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొడితే చాలు. ఒకప్పుడు కాగితం మీద నింపిన ఫారం 13 ఇదే. ఆధార్ జతపడి వివరాలన్నీ కలిస్తే ఇప్పుడు చాలా కేసుల్లో యాజమాన్యం ధ్రువీకరణ కూడా అక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో యూఏఎన్ రాకముందు పాత ఆఫీసు గుమాస్తా చుట్టూ తిరిగినవాళ్లకు ఇదెంత ఊరటో తెలుసు.

అసలు చిక్కులన్నీ ఆ పది నిమిషాలకు ముందే ఉంటాయి.

మొదటిది పేరు. ఇది మన తెలుగువాళ్లను ప్రత్యేకంగా పట్టుకునే జబ్బు. కంపెనీ రికార్డులో ‘జి. శ్రీనివాస్’, ఆధార్‌లో ‘గుర్రం శ్రీనివాస్’, పాన్‌లో ‘శ్రీనివాస్ గుర్రం’ అని ఉంటే మనిషి ఒకడే అయినా సిస్టమ్‌కు ముగ్గురు. ఆధార్‌లో ఉన్న రూపాన్నే ప్రమాణంగా తీసుకుని, పీఎఫ్ రికార్డును జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ అభ్యర్థన ద్వారా దానికి సరిచేయించుకోవాలి. పాన్‌ను విడిగా సరిచేయించుకోవాలి. పుట్టినతేదీ, తండ్రి పేరు కూడా అప్పుడే చూసుకోవాలి. బదిలీ పెట్టాక సరిచేద్దామనుకుంటే అభ్యర్థన తిరస్కారమై మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’, అంటే కొలువు మానేసిన తేదీ. పాత కంపెనీ ఆ తేదీ వేయకపోతే పోర్టల్ లెక్కలో మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ‘మేనేజ్’లోని ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా సభ్యుడే వేసుకోవచ్చు. చివరి చందా ఏ నెలదో, తేదీ ఆ నెలలోనే ఉండాలి. రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి. ఒక్క రోజు తప్పు పడి కొత్త కొలువు తేదీతో కలిసిపోతే, రెండు చోట్లా ఒకేసారి పనిచేశారా అన్న ప్రశ్న వస్తుంది.

యూఏఎన్ రాకముందటి ఖాతాలకు మెంబర్ ఐడీ మొత్తం 22 అక్షరాలు, అంకెలుగా రాయాలి. ప్రాంతానికి 2, ఆఫీసుకు 3, సంస్థకు 7, ఎక్స్‌టెన్షన్‌కు 3, సభ్యుడికి 7. పాత స్లిప్పు మీద సంస్థ సంఖ్య ఐదంకెలే ఉంటే దాని ముందు రెండు సున్నాలు చేర్చాలి. ఎక్స్‌టెన్షన్ లేకపోతే మూడు సున్నాలు వేయాలి. పొరపాటున రెండు యూఏఎన్‌లు ఉంటే పాతదాన్నుంచి కొత్తదానికి బదిలీ పెట్టుకోవాలి. కొన్ని పెద్ద సంస్థలు పీఎఫ్‌ను సొంత ట్రస్టులో నడుపుతాయి. అక్కడినుంచి రావాలంటే ట్రస్టు డబ్బుతోపాటు సభ్యుడి సొమ్ము, సర్వీసు వివరాలుండే అనెక్షర్ కె అనే పత్రం కూడా పంపాలి కాబట్టి ఆలస్యమవుతుంది.

ఇక పెన్షన్. బదిలీ పూర్తయ్యాక కొత్త పాస్‌బుక్ తెరిచి, పెన్షన్ గడిలో సున్నా చూసి కంగారుపడేవాళ్లు కోకొల్లలు. డబ్బేమీ పోలేదు. పెన్షన్ వాటా అసలు ఖాతా నుంచి ఖాతాకు కదలదు, సర్వీసు కాలం మాత్రమే కదులుతుంది. ఈ ఒక్క వాక్యం పాస్‌బుక్ కింద రాసి ఉంటే ఎందరికో నిద్ర పట్టేది. రాయకపోవడం ఈ సేవలో పెద్ద లోపం.

ఆ సర్వీసు ఎంత విలువైనదో లెక్క చూడండి. నెల పెన్షన్ అంటే పెన్షన్‌కు లెక్కేసే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించగా వచ్చేది. 15,000 జీతం మీద ఒకచోట 6 ఏళ్లు, ఇంకోచోట 5 ఏళ్లు చేసినవారికి రెండూ కలిస్తే 11 ఏళ్లు, 58 దాటాక నెలకు సుమారు 2,357 రూపాయలు. కలవకపోతే కనీస అర్హత అయిన పదేళ్లు ఏ ఒక్కచోటా నిండవు. మధ్యలో డబ్బు అవసరపడి ఫారం 10సీతో పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోంచి పోతుంది. దానికి బదులు చేసిన సర్వీసును నమోదు చేసే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ ఏళ్లు నిలుస్తాయి.

కొత్త కంపెనీలో చేరిన రోజు హెచ్‌ఆర్ ఇచ్చే ఫారం 11ను (పాత పీఎఫ్, పెన్షన్ సభ్యత్వ వివరాలు చెప్పే పత్రం) కాఫీ తాగుతూ నింపేయకండి. అంతకుముందు పెన్షన్ స్కీములో ఉన్నారా అన్న ప్రశ్నకు తప్పు జవాబు పడితే ఏళ్ల తర్వాత బయటపడుతుంది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత 15,000 దాటిన జీతంతో మొదటిసారి చేరినవారు పెన్షన్ స్కీములోకి రారు. అంతకుముందే స్కీములో ఉన్నవారు జీతం పెరిగినా కొనసాగుతారు. పాత సభ్యుడిని కొత్తవాడిగా రాస్తే మధ్యలో చందా ఆగిపోతుంది. అందుకే బదిలీ అయ్యాక ‘సర్వీస్ హిస్టరీ’ తెరిచి ప్రతి కంపెనీకీ ఈపీఎఫ్ తేదీలు, ఈపీఎస్ (పెన్షన్ స్కీము) తేదీలు రెండూ చూడండి. ఎన్‌సీపీ రోజులు, అంటే చందా పడని రోజులు, ఎక్కువ కనిపిస్తే వెంటనే అడగండి.

బదిలీకి ఇంకో లాభం పన్నులో ఉంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50,000, ఆపైన తీస్తే టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పడుతుంది. బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా ఆ ఐదేళ్లలో కలుస్తుంది.

ఫిర్యాదుకు ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ అనే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్ ఉంది. అందులో తిరస్కార కారణాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి, రిలీవింగ్ లెటర్ జతచేస్తే జవాబు సూటిగా వస్తుంది. ‘నా డబ్బు రాలేదు’ అని ఒక్క ముక్క రాస్తే అంతే పొడి జవాబు వస్తుంది. నేరుగా కలవాలనుకుంటే ప్రతి నెలా 27న ‘నిధి ఆప్కే నికట్’ కార్యక్రమం జరుగుతుంది.

డబ్బు బదిలీకి ఐదుకు నాలుగు మార్కులు. పెన్షన్ సర్వీసు సంగతి సభ్యుడికి అర్థమయ్యేలా చెప్పడంలో రెండే.