హీత్రోలో రాత్రి లేఓవర్: లండన్ లోపలికి రైలా, బస్సా, టాక్సీయా, ఏది మేలు?

రాత్రి తొమ్మిదికి హీత్రోలో దిగి మర్నాడు పొద్దున ఎనిమిదికి అమెరికా ఫ్లైట్ ఎక్కాల్సిన వాళ్లు ఎవరైనా ముందు అడిగేది, ఊళ్లోకి ఏది త్వరగా వెళ్తుంది అని. నేను మాత్రం తిరిగి రావడం గురించే ముందు ఆలోచించమంటాను. వెళ్లేటప్పుడు అన్నీ ఉంటాయి, ట్యూబ్ (లండన్ మెట్రో), ఎలిజబెత్ లైన్ రైలు, హీత్రో ఎక్స్‌ప్రెస్ రైలు, టాక్సీ, ఏది ఎక్కినా చేరిపోతాం. తెల్లవారుజామున మూడున్నరకి లండన్ నడిబొడ్డున నిలబడి, ఐదింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి అనుకున్నప్పుడు వాటిలో ఎన్ని మిగులుతాయన్నదే అసలు లెక్క.

అంతకంటే ముందు వీసా సంగతి. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఎయిర్‌పోర్ట్ గుమ్మం దాటాలంటే మామూలుగా బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాతో అమెరికాకే వెళ్తూ, దిగిన మర్నాడు అర్ధరాత్రిలోపు బయల్దేరే కన్ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్లను వీసా లేకుండా కూడా బయటికి పంపే వీలుంది, కానీ అది ఇమిగ్రేషన్ కౌంటర్లో కూర్చున్న ఆఫీసర్ ఒప్పుకుంటేనే. బయల్దేరే ముందే బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో మీ కేసు చూసుకోండి, అక్కడ నిలబడి టెన్షన్ పడొద్దు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. హీత్రో ఎక్స్‌ప్రెస్ అన్నిటికన్నా వేగం, టెర్మినల్ 2, 3 స్టేషన్ నుంచి ప్యాడింగ్టన్‌కి 15 నిమిషాలే. అప్పటికప్పుడు కొంటే టికెట్ 25 పౌండ్ల చుట్టుపక్కల, చాలా ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే బాగా తగ్గుతుంది. అయితే ప్యాడింగ్టన్ అంటే మీరు చూడాలనుకున్న లండన్ కాదు, సిటీకి పడమటి అంచు. అక్కడ దిగి మళ్లీ ట్యూబ్‌లో బేకర్లూ లైన్ వెతుక్కుని ఎక్కితే గానీ ట్రఫాల్గర్ స్క్వేర్ రాదు, ఆ మెట్లూ ఎస్కలేటర్లూ అయ్యేసరికి మిగుల్చుకున్న నిమిషాలు అక్కడే పోతాయి. ప్యాడింగ్టన్ పక్కనే హోటల్ తీసుకున్నవాళ్లకు తప్ప నేను దీన్ని చెప్పను.

ఎలిజబెత్ లైన్ 2022 మేలో మొదలైంది, నా దృష్టిలో ఊళ్లోకి వెళ్లడానికి దీన్ని మించింది లేదు. మారే పని లేకుండా బాండ్ స్ట్రీట్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, లివర్‌పూల్ స్ట్రీట్ దాకా తీసుకెళ్తుంది. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌కి ముప్పావు గంటలోపే చేరతాం, బోగీలు విశాలం, చేతిలో క్యాబిన్ బ్యాగ్ ఉన్నా ఎవరికీ అడ్డం కాదు. పికడిల్లీ లైన్ ట్యూబ్ కూడా ఊరి మధ్యకే వెళ్తుంది, కానీ గంట పట్టినట్టే, బోగీ ఇరుకు. ఛార్జీ మాత్రం ఎలిజబెత్ లైన్‌లో సగం కూడా ఉండదు, ఆరు పౌండ్లకు అటూ ఇటూ. నలుగురు వెళ్తే ఆ తేడా చిన్నదేం కాదు, కాబట్టి కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు అనుకునేవాళ్లు ట్యూబ్ ఎక్కితే తప్పు పట్టను.

వెళ్లడం వరకు బాగానే ఉంది. మామూలు రోజుల్లో ఈ మూడూ అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోయి, తెల్లవారుజామున ఐదు ప్రాంతంలోనే మళ్లీ మొదలవుతాయి. పొద్దున ఎనిమిదింటి ఫ్లైట్‌కి మొదటి రైలును నమ్ముకుంటే ఐదున్నరకో ఆరున్నరకో ఎయిర్‌పోర్టు చేరతారు, బోర్డింగ్ పాస్ చేతిలో లేకపోతే గుండె దడే. శుక్ర, శనివారం రాత్రులు మాత్రం కథ వేరు, పికడిల్లీ లైన్ రాత్రంతా తిరుగుతుంది, సుమారు పది నిమిషాలకొకటి. మీ లేఓవర్ ఆ రెండు రాత్రుల్లో పడితే పోయేదీ వచ్చేదీ దాంట్లోనే పెట్టుకోండి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఒక్కటే మెలిక, రాత్రిపూట రైళ్లు టెర్మినల్ 4కి వెళ్లవు.

మిగతా ఐదు రాత్రులకూ దిక్కు ఎన్9 అనే నైట్ బస్సు. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు, అదే నాకు బాధ. ఊరి నడిమధ్య ఉన్న ఆల్డ్‌విచ్‌లో బయల్దేరి ట్రఫాల్గర్ స్క్వేర్, హైడ్ పార్క్ కార్నర్, రాయల్ ఆల్బర్ట్ హాల్, హామర్‌స్మిత్ మీదుగా హీత్రో సెంట్రల్ బస్ స్టేషన్‌కి వస్తుంది. సుమారు ఇరవై నిమిషాలకొకటి, గంటా పావు ప్రయాణం, టికెట్ రెండు పౌండ్ల లోపు. డబుల్ డెక్కర్, పైన ముందు సీట్లో కూర్చుంటే ఖాళీ రోడ్ల మీద లండన్ అంతా కళ్ల ముందు నుంచి వెళ్తుంది, పగలు డబ్బు పెట్టి టూర్ బస్సు ఎక్కినా ఆ నిశ్శబ్దం దొరకదు. ఎక్కడం ఆల్డ్‌విచ్‌లోనే ఎక్కండి, ఆ సీటు దొరకడానికి ఎక్కువ వీలుంది. నిద్ర పట్టినా దాటిపోతామన్న భయం అక్కర్లేదు, బస్సు చివరికి వచ్చేది ఎయిర్‌పోర్టుకే.

టాక్సీ ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, ముగ్గురు నలుగురు కలిస్తే, లేదా ఒంట్లో ఓపిక లేకపోతే అదే నయం. నల్ల క్యాబ్‌లో (లండన్ మీటరు టాక్సీ) రాత్రి పది నుంచి ఐదు దాకా మీటరు రేటు ఎక్కువ, హీత్రో దాకా వంద పౌండ్లకు అటూ ఇటూ అవుతుందనుకోండి. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపడానికి చట్టప్రకారం నల్ల క్యాబ్‌కే అనుమతి ఉంది, మిగతావి ముందుగా బుక్ చేసుకోవాలి. అరైవల్స్‌లో దగ్గరికొచ్చి 'టాక్సీ కావాలా' అని గొణిగేవాళ్ల వెంట మాత్రం వెళ్లొద్దు.

నేనైతే ఇలా చేస్తాను. దిగి ఇమిగ్రేషన్ అయ్యేసరికి పదిన్నర, ఎలిజబెత్ లైన్‌లో పదకొండుంపావుకి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్. అక్కడి నుంచి చేరింగ్ క్రాస్ రోడ్ వెంట నడుచుకుంటూ ట్రఫాల్గర్ స్క్వేర్, అటునుంచి వెస్ట్‌మినిస్టర్ వంతెన, అర్ధరాత్రి పన్నెండు గంటలు బిగ్ బెన్ కిందే వినాలి. పార్కులు నమ్ముకోవద్దు, హైడ్ పార్క్ పన్నెండుకి మూసేస్తారు. నది ఒడ్డున తిరిగి, ఎక్కడైనా వేడిగా ఏదో తాగి, మూడుకల్లా ఆల్డ్‌విచ్. నాలుగున్నరకి హీత్రో.

రెండు ఫ్లైట్ల మధ్య ఎనిమిది గంటల లోపే ఉంటే ఇదంతా వద్దు, పోనూ రానూ, క్యూలకే సరిపోతుంది. చలికాలం పెద్దవాళ్లతోనో పసిపిల్లలతోనో వస్తే కూడా వద్దు. మా అత్తామామలను తీసుకొచ్చినప్పుడు మేం టెర్మినల్‌ని ఆనుకున్న హోటల్లో హాయిగా పడుకున్నాం, ఊరు చూడలేదన్న వెలితి ఎవరికీ లేదు.

చివరిగా కార్డు సంగతి. బస్సుల్లో 2014 నుంచే నోట్లు, చిల్లర తీసుకోవడం లేదు. కార్డో ఫోనో తాకించాలి, మనిషికొకటి ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. రైలుకైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డు, బస్సుకి ఎక్కేటప్పుడు చాలు. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ తరచూ ఆఫ్‌లో ఉంటాయి, ఇంటి దగ్గరే బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసి బయల్దేరండి. అర్ధరాత్రి బస్టాప్‌లో ఓటీపీ కోసం ఎదురుచూస్తూ నిలబడితే, ఈలోగా ఎన్9 వెళ్లిపోతుంది.