అర కిలో బఠానీ పప్పు, ఒక పీజ్ పుడింగ్

ఇంగ్లండు ఈశాన్యంలో, అంటే న్యూకాసిల్, సండర్లాండ్, డరమ్ చుట్టుపక్కల ఏ మాంసం కొట్టుకు వెళ్లినా అద్దాల వెనక చిన్న డబ్బాల్లో పసుపుపచ్చటి ముద్ద ఒకటి కనిపిస్తుంది. అదే పీజ్ పుడింగ్. ఉప్పులో ఊరిన పందిమాంసం ఉడికే నీళ్లలోనే బఠానీ పప్పును ఉడికించి, మెదిపి, గట్టిపడేదాకా చల్లార్చితే అది తయారు. గేట్స్‌హెడ్‌లో కాపురం పెట్టిన కొత్తలో కొనుక్కునే తిన్నాను. ఇప్పుడు ఇంట్లోనే వండుతున్నాను. అందుకు వాడుతున్నది ఒక సూపర్ మార్కెట్ తన సొంత పేరు మీద అమ్మే అర కిలో బఠానీ పప్పు పొట్లం. ధర ఒక పౌను అటూ ఇటూ.

ముందు పప్పు సంగతి. శుభ్రంగా ఉంది, రాళ్లు లేవు, నూక తక్కువ. బద్దలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి కాబట్టి ఒకేసారి ఉడుకుతాయి. మన కిరాణా కొట్లలో ఇదే పప్పు పెద్ద సంచుల్లో ఇంకా చవకగా దొరుకుతుంది. కాకపోతే పక్కనే శనగపప్పు ఉంటుంది, తొందరలో చేయి దాని మీద పడవచ్చు. బఠానీ బద్ద అచ్చంగా గుండును సగానికి కోసినట్టు ఉంటుంది. శనగబద్ద అంత నున్నగా ఉండదు, ఓ వైపు కొద్దిగా మొన తేలి ఉంటుంది. ఈ తేడా చూడటానికి కాదు, వంటకు ముఖ్యం. శనగపప్పు ఉడికినా చాలావరకు బద్దగానే నిలబడుతుంది. బఠానీ పప్పు తనంతట తానే కరిగి ముద్దవుతుంది. పీజ్ పుడింగ్‌కు కావలసిన గుణం అదే. మన దేశంలో ఈ పప్పుకు శనగపిండిలో కలిపే కల్తీ సరుకన్న చెడ్డపేరు ఉంది. 2023 డిసెంబరులో పసుపు బఠానీల మీద దిగుమతి సుంకం ఎత్తేసినప్పుడు కెనడా, రష్యాల నుంచి ఓడలు నిండుగా వచ్చాయి. ఇక్కడ మాత్రం దీనిది పాత పరువు. బంగాళాదుంప ఇంగ్లండుకు రాకముందు పేదవాడి కడుపు నింపినవి ఎండు బఠానీలే.

నా ఫిర్యాదు పొట్లం వెనక రాసిన వంట పద్ధతి మీద. పది నిమిషాలు గట్టిగా మరిగించి, నలభై నిమిషాలు సన్న సెగ మీద ఉంచితే చాలంటుంది. సూపుకు సరిపోతుందేమో, పుడింగ్‌కు ఏ మూలకూ చాలదు. నోట్లో పెట్టుకుంటే నడుమ పలుకు తగులుతూనే ఉంటుంది. గంటన్నర పట్టుకోవాలి. న్యూకాసిల్, గేట్స్‌హెడ్‌లు ఉన్న మా టైన్‌సైడ్ ప్రాంతపు నీళ్లలో సున్నం తక్కువ కాబట్టి గంటన్నర. లండన్ వైపు సున్నపు నీళ్లలో ఇంకా ఎక్కువ పడుతుంది, అక్కడివాళ్లు చిటికెడు వంటసోడా వేసుకోవచ్చు. పప్పు పాతబడినా ఉడకదు. పంట ఎప్పటిదో పొట్లం మీద ఉండదు కాబట్టి, ఉన్నవాటిలో చివరి తేదీ దూరంగా ఉన్నదాన్ని ఎంచుకోవడమే దారి.

మాంసానికి నేను న్యూకాసిల్ గ్రెయింజర్ మార్కెట్‌కు వెళ్తాను. 1835లో కట్టిన మార్కెట్ అది, మాంసం కొట్లు ఇప్పటికీ వరుసగా ఉన్నాయి. కావలసింది హామ్ హాక్, అంటే పంది కాలి పిక్క, ఎముకతో సహా. పొగ పట్టించనిది అడిగి తీసుకోండి. పొగ వాసన పప్పును మింగేస్తుంది. రాత్రంతా చన్నీళ్లలో వేసి ఉప్పు విరగ్గొట్టాలి. పప్పు కూడా అప్పుడే నానబెడతాను.

మర్నాడు పిక్కను ఉల్లిపాయ, క్యారెట్, బిర్యానీ ఆకుతో పొయ్యి మీద పెట్టి, పైకి తేలిన తెట్టు తీసేస్తూ గంటసేపు ఉడకనివ్వాలి. తర్వాత నానిన పప్పును పలచటి నూలు గుడ్డలో మూటగట్టి అదే గిన్నెలో దించాలి. మూట బిగించవద్దని పక్కింటి పెద్దావిడ గట్టిగా చెప్పింది. పప్పు ఉబ్బడానికి చోటు లేకపోతే నడిమి భాగానికి నీరు అందక గట్టిగా మిగిలిపోతుంది. మూట వల్ల అడుగంటే బాధ లేదు, నీళ్లు ఎక్కువై పలచబడే బాధా లేదు. గంటన్నర తర్వాత తీసి, చిల్లుల గిన్నెలో వడగట్టి, గుడ్డ విప్పితే నేత గీతలు ముద్రపడిన పసుపు బంతి బయటికి వస్తుంది. వెన్న, తెల్ల మిరియాల పొడి వేసి పప్పుగుత్తితో మెదపడమే తరువాయి. ఉప్పు రుచి చూశాకే వేయండి, చాలాసార్లు అక్కరే ఉండదు.

తాలింపు జోలికి మాత్రం పోవద్దు. చేయి ఆవాల డబ్బా వైపు లాగుతుంది, నిజమే. పోపు పెడితే అది ఇంకో వంట అవుతుంది. దీని రుచి మాంసం నీళ్లలోని ఉప్పదనం, బఠానీలోని కొద్దిపాటి తీపి, పైన చల్లుకునే మాల్ట్ వినెగర్ పులుపు, అంతే. మా ఆవిడ మాత్రం ఇది కారం మరిచిన ముద్దపప్పని తేల్చేసి, నిమ్మకాయ ఊరగాయ నంజుకుంటుంది. పులుపు కావాలన్నంతవరకు ఆమెతో నాకు పేచీ లేదు. చల్లారిన పుడింగ్‌ను స్టాటీ అనే ఇక్కడి బల్లపరుపు రొట్టెలో దట్టంగా పూసి, మీద చీరిన హామ్ పెట్టుకుని తినాలి.

రేకు డబ్బాలో వచ్చే పుడింగ్‌తో పోల్చడం కూడా దండగ. అది కత్తితో కోస్తే సబ్బులా తెగుతుంది, రుచి ఉప్పు దగ్గరే ఆగిపోతుంది. మాంసం తినని వారు మూట మానేసి, కూరగాయలు ఉడికించిన నీళ్లలో నేరుగా పప్పు వేసి, వెన్న కాస్త ఎక్కువ కలపవచ్చు. అడుగు కలుపుతూ ఉండాలి. ప్రెషర్ కుక్కర్ వద్దు, ఈ పప్పు నురగ బాగా కక్కి ఆవిరి దారికి అడ్డుపడుతుంది.

పప్పుకు ఐదుకు నాలుగు మార్కులు. పొట్లం మీది వంట పద్ధతికి ఒకటి. మిగిలిన పుడింగ్ ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది, బిళ్లలుగా కోసి పెనం మీద వెన్నలో కాలిస్తే అంచులు కరకరలాడతాయి.