ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడకుండా పాత పెట్రోల్ కారు కొనకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బేరం కుదిరినా టోకెన్ అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే, ఇది చదివాకే ఇవ్వండి. నేను 3,65,000 పెట్టి కొన్న బండికి రెండు నెలలు తిరగకుండానే ఇంజిన్ విప్పాల్సి వచ్చింది. మోసం ఎక్కడ జరిగిందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మాది శ్రీకాకుళం. అమ్మినాయన విజయనగరంలో పాత కార్ల వ్యాపారం చేస్తాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. 2016 మోడల్, మీటరు మీద 52,000 కిలోమీటర్లు, ఫస్ట్ ఓనర్, షోరూమ్ సర్వీసు అన్నాడు. ఫొటోల్లో బండి మెరిసిపోతోంది. ఆదివారం పొద్దున్నే మా బావమరిదితో కలిసి బయలుదేరాను. రణస్థలం దగ్గర ఉండగా ఫోన్ చేశాడు, "ఎంతవరకు వచ్చారండీ?" అని. నాతవలస దగ్గర మలుపు తిరిగాక మళ్లీ చేశాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాం. మేం వెళ్లేసరికి బండి బయట నీడలో పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లోపల ఏసీ వేసి ఉంచాడు. "ఎండలో వచ్చారు, చల్లగా కూర్చుంటారని వేశానండీ" అన్నాడు.

దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మీరు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఉందంటే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కనిపించే జబ్బులేవీ మీకు కనిపించవు. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంజిన్ ఆపించి తాళం తీసుకోండి. మూడు నాలుగు గంటలు ఆగగలిగితే ఆగండి, లేదా మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

మేం అలా చేయలేదు. రింగురోడ్డు మీద అరగంట నడిపాం. సౌండ్ మెత్తగా ఉంది, చెక్ లైటు లేదు, పొగ లేదు. సంతకాలు పెట్టి బండి తెచ్చేసుకున్నాం.

మర్నాడు పొద్దున్న ఆరు గంటలకు మా ఇంటి ముందు సెల్ఫ్ కొట్టగానే, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు నాలుగైదు సెకన్లు గలగలమంది. తర్వాత ఆగిపోయింది. సైలెన్సరు నుంచి తెల్ల పొగ వచ్చింది. నవంబరు నెల కదా, చలికి అనుకున్నాను. నిజానికి చలికాలం పొద్దున్న ఏ పెట్రోల్ బండికైనా కాస్త ఆవిరి వస్తుంది, సైలెన్సరు వేడెక్కగానే పోతుంది. ఇది పది నిమిషాలైనా పోలేదు, పైగా కొంచెం తియ్యటి వాసన. ఆ వాసన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కాలుతున్నప్పుడు వచ్చేదని అప్పటికి నాకు తెలియదు. మూడో వారానికి కూలెంట్ డబ్బాలో మట్టం అర అంగుళం తగ్గింది. కింద చుక్క కారలేదు. నీళ్లు పోసి ఊరుకున్నాను.

సెలవులకి అరకు బయలుదేరాం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి ఒణకడం మొదలైంది. చెక్ లైటు వెలిగింది. మామూలుగా కాదు, టకటక కొట్టుకుంటూ వెలిగింది. అలా కొట్టుకుంటోందంటే సిలిండర్లలో పెట్రోలు సరిగ్గా మండకుండా బయటికి పోతోందని, అది సైలెన్సరు దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుందని అర్థం, వెంటనే ఆపాలి. నేను ఇంకో మలుపు పోనిచ్చాను. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. మా అత్తగారు, ఇద్దరు పిల్లలతో రోడ్డు పక్కన మూడు గంటలు కూర్చుని, బండిని కట్టి లాక్కుని శృంగవరపుకోటకి దిగాం. ఒక్క మాట, ఇలాంటప్పుడు రేడియేటర్ మూత తియ్యకండి. లోపల ఒత్తిడితో మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

శ్రీకాకుళంలో మాకు తెలిసిన పెద్ద మెకానిక్ ఉన్నాడు. ముందు బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టాడు. పీ0303, పీ0304 అని రెండు కోడ్లు వచ్చాయి, అంటే మూడో సిలిండరు, నాలుగో సిలిండరు మిస్ అవుతున్నాయి. తర్వాత ప్లగ్గులు తీసి, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజు పెట్టాడు. మొదటిది 170 పీఎస్ఐ, రెండోది 165, మూడోది 110, నాలుగోది 105. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్‌లో నాలుగూ దగ్గరదగ్గరగా ఉండాలి, పది పదిహేను శాతం కంటే తేడా రాకూడదు. ఏ సిలిండరు తగ్గితే దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో పోయిందని. మాది పెరగలేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గాయంటే మధ్యలో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, పైన ఉండే హెడ్డుకీ మధ్య సీలులా ఉండే పలక) పోయినట్టే. రేడియేటర్ మూత దగ్గర నీలం రంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టాడు. నిమిషంలో పసుపుగా మారింది. మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తేనే అలా మారుతుంది.

"ఇది నిన్నా మొన్నా పోయింది కాదు బాబూ. సల్లగున్నప్పుడు ఒక్కసారైనా స్టార్ట్ సేసి సూసినారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

బండి కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. కానీ ఇంజిన్ గురించి చెప్పాలి, మన రోడ్ల మీద ఇలాంటివే ఎక్కువ. 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, 80 పైచిలుకు హార్స్‌పవర్, 4000 ఆర్‌పీఎం దగ్గర 113, 114 న్యూటన్ మీటర్ల టార్కు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటే పన్ను తక్కువ కాబట్టి, వేర్వేరు కంపెనీలు తమ తమ కొలతలతో అదే 1197కి వచ్చి ఆగాయి. ఒక ఇంజిన్‌లో బోరు (సిలిండరు వెడల్పు) 73, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 71.5 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 71, 75.6. బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం. బరువు తక్కువ, మైలేజీ బాగుంటుంది. కానీ అల్యూమినియం హెడ్డు ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంకరపోతుంది. చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్ల వంకర దాకానే ఒప్పుకుంటారు. మాది లేతు షాపులో చూస్తే 0.15 వచ్చింది. ఇదివరకే ఒకసారి వేడెక్కిన బండి అది. రేడియేటర్‌లోంచి తుప్పు రంగు నీళ్లు వచ్చాయి. ఎవరో ఏళ్లతరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చారు.

పొద్దున్న వినిపించిన గలగల, వాల్వులు వేళకి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ చైనుది. "ఇది చైన్ ఇంజిన్ అండీ, బెల్టు లాగా మార్చే పని లేదు" అని అమ్మినాయన గొప్పగా చెప్పాడు. సగం నిజం. చైను బతకాలంటే శుభ్రమైన ఆయిల్ ఉండాలి, దాన్ని బిగించి పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తుంది. వేళకు ఆయిల్ మార్చకపోతే చైను అరిగి సాగుతుంది. మరీ సాగి పళ్లు తప్పితే, ఇలాంటి చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి. అప్పుడు ఖర్చు లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. ఆ చప్పుడు టెస్ట్ డ్రైవ్‌లో వినపడకపోవడానికి బండి వేడిగా ఉండటం ఒక కారణమైతే, ఆయిల్ ఇంకో కారణం. 5డబ్ల్యూ30 లాంటి పల్చటి ఆయిల్ పోయాల్సిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ50 పోసి ఉంచారు. చిక్కటి ఆయిల్ చప్పుళ్లని, నీలం పొగని కొన్నాళ్లు దాస్తుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది స్కానర్‌లో కనిపించిన ఇంకో అంకె. కోడ్లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. అది 1,121 కిలోమీటర్లు చూపించింది. నేను కొన్నాక తిరిగింది 1,090. అంటే నాకు అమ్మడానికి 31 కిలోమీటర్ల ముందు ఎవరో చెక్ లైటు ఆర్పేశారు. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఆర్సీ తీసుకెళ్లి పాత రికార్డు అడిగాను. రెండేళ్ల కిందటి సర్వీసు నాటికే 91,000 కిలోమీటర్లు తిరిగింది. మీటరు తిప్పేశారు. ఈ రికార్డు కొనకముందే అడగాలి. అమ్మేవాళ్లని వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. రానంటే అక్కడే మీకు తెలిసిపోతుంది.

హెడ్ ఫేసింగు (వంకర తీసి చదును చేయడం), గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు, చైన్ కిట్, వాటర్ పంపు, థర్మోస్టాట్, కూలీ అన్నీ కలిపి 46,000 అయింది. డీలరు "ఇంజిన్‌కి గ్యారంటీ అని రాసిచ్చానా?" అన్నాడు.

కాబట్టి చల్లటి ఇంజిన్ దగ్గర ఏం చూడాలో చెబుతాను. స్టార్ట్ చేయకముందే ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు చూడండి. మజ్జిగ మీద నురగలా, పాలు కలిపిన కాఫీ రంగులో ఏదైనా అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమో అని అనుమానించాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి కొద్దిగా ఉండొచ్చు, దాన్ని తుడిచి, ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ మీద కూడా చూడండి. చల్లగా ఉంది కాబట్టి రేడియేటర్ మూత భయం లేకుండా తీయొచ్చు. లోపల ఆకుపచ్చో ఎరుపో కూలెంట్ ఉండాలి, టీ నీళ్లలా ఉండకూడదు. ఇప్పుడు మీ బావమరిదినో స్నేహితుణ్ణో సైలెన్సరు వెనక నిలబెట్టి మీరు సెల్ఫ్ కొట్టండి. రేడియో, ఏసీ ఆపేసి చెవి పెట్టండి. స్టార్ట్ అవగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, అది సెన్సరో ఇంజెక్టరో కావచ్చు, మిగతా వాటంత భయపడక్కర్లేదు. తెల్ల పొగ తగ్గకుండా తియ్యగా వాసన వస్తే ఇంకేమీ చూడొద్దు, వచ్చేయండి. పావుగంట వదిలేసి ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగుతోందో లేదో చూడండి.

బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో చూసుకోవచ్చు. కోడ్లు లేవని సంతోషించకండి. చెరిపాక తిరిగిన దూరం చూడండి, రెడీనెస్ అనే చోట బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడండి. సగం పూర్తికాలేదని చూపిస్తే ఈ మధ్యే చెరిపారనో బ్యాటరీ తీశారనో అర్థం. కంప్రెషన్ పరీక్షకి మెకానిక్ ఐదారు వందలు అడుగుతాడు. అది అడిగితే అమ్మేవాళ్లకి కోపం వస్తుందేమో అని మొహమాటపడకండి, నేను మొహమాటానికే 46,000 కట్టాను.

కాగితాల సంగతి చాలామందికి తెలిసిందే. ఫైనాన్స్ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. ఇచ్ఛాపురం, పాలకొండ వైపు ఒడిశా నంబరు బండ్లు చవగ్గా వస్తున్నాయని వెళ్లేవాళ్లు అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకోండి.

ఇప్పటికే ఇలా మోసపోయినవాళ్లు ఉంటే చెబుతున్నాను. వ్యాపారి దగ్గర కొన్నట్టయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకి ఫిర్యాదు ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. వాట్సాప్‌లో "52 వేలే తిరిగింది" అని పెట్టిన మెసేజ్, మెకానిక్ బిల్లు, పాత గ్యాస్కెట్, సర్వీస్ రికార్డు అన్నీ దాచుకోండి. నేను అవే పెట్టాను. పాత చైను కూడా గోనె సంచిలో కట్టి ఉంచాను.

స్కానర్ నేను కొన్నాను. శ్రీకాకుళం టౌన్‌లోనో, ఆమదాలవలస, నరసన్నపేట వైపో ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే మెసేజ్ పెట్టండి, ఇస్తాను. పొద్దున్న పూట అయితే నేనూ వస్తాను.